గలగలల బాబాయి

లిఫ్టు ఇంకా మూడో అంతస్తులో ఉండగానే కింద వాచ్‌మన్ లేచి నిలబడతాడు. బాబాయి గారు దిగుతున్నట్టు ఆ గలగలే చెబుతుంది. ప్రతి అపార్ట్‌మెంటుకీ ఇలాంటి బాబాయి ఒకరుంటారు. బెల్టుకో కొక్కెం, కొక్కేనికో గుత్తి. తాళంచెవులు మాత్రం రెండే, ఇంటిదీ స్కూటర్‌దీ. మిగతాదంతా సరంజామా: నెయిల్ కట్టర్, ఈల, లేజర్ లైటు, వెంకన్న బిళ్ల, జన్మలో బీరు ముట్టని మనిషికి సీసా ఓపెనర్. ఆ బరువుకి స్కూటర్ తాళం పెట్టేచోట వదులైపోతే మెకానిక్ దండం పెట్టి మరీ చెప్పాడు. బాబాయి స్కూటర్ మార్చారు.

గుత్తికి మకుటం సెల్లు డబ్బీ. రాకెట్ ఆకారం, ఎర్ర ముక్కు, వెండిరంగు రెక్కలు. ముక్కు తిప్పితే లోపల ఒక్కటంటే ఒక్క గడియారం సెల్లు. "ఉట్టినే జేబులో వేసుకుంటే ఏమవుతుందండీ?" అని అడిగామా, అరగంట పాఠం. తొమ్మిది వోల్టుల చదర బ్యాటరీకి రెండు కొసలూ ఒకే వైపుంటాయి, తాళంచెవి అడ్డంపడితే జేబు కాలుతుంది, అంటారు. అది నిజమే. కాకపోతే ఆ చదర బ్యాటరీ ఈ డబ్బీలో పట్టదు.

రాకెట్ రెక్కలు ఎందుకని అడిగితే మాత్రం బాబాయి చిన్నబుచ్చుకుంటారు. అందం కోసం! ఈ అందానికి చట్టంలో చోటుందని ఎక్కడో విన్నప్పటి నుంచి ఆయనకి నిద్ర లేదు. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం కింద వస్తువు రూపాన్ని నమోదు చేయించుకుంటే పదేళ్లు హక్కు, ఆపైన ఇంకో అయిదేళ్లు పొడిగింపు. అమెరికాలో అయితే డిజైన్ పేటెంట్ ఒక్కసారే పదిహేనేళ్లు. ఎక్కడైనా కంటికి కనబడే సొగసుకే రక్షణ, లోపల పని ఎలా జరుగుతుందన్నది ఆ కాగితానికి అనవసరం. బాబాయి కోసమే రాశారా అనిపిస్తుంది. ఇప్పుడాయన నోట్‌బుక్కు నిండా బొమ్మలు: గుమ్మడికాయ డబ్బీ, వీణ డబ్బీ, గోపురం డబ్బీ. సెల్లు ఎటునుంచి దూరుతుందో ఒక్కదాంట్లోనూ గీయలేదు.

అవసరాలు మాత్రం ఆయన్ని వెక్కిరించడానికే పుడతాయి. పక్కింటి టీవీ రిమోట్ ఆగిపోయిందని కబురొస్తే బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. రిమోట్‌కి కావాల్సింది సన్న సెల్లు, 10.5 మిల్లీమీటర్ల లావు. ఆయన దగ్గరున్నది 14.5. ఎదురింటి కుర్రాడి కారు తాళానికి బిళ్ల సెల్లు కావాలి. దాని కొలత దాని పేరులోనే ఉంది, 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ఆ సంగతి విడమరిచి చెప్పి, డబ్బీ మూత బిగించుకుని వచ్చేశారు.

చివరికి మొన్న సొంత ఇంట్లోనే గోడ గడియారం ఆగింది. కొలత సరిగ్గా అదే.

"ఏవండీ, ఆ రాకెట్టులోది ఇటివ్వండి."

బాబాయి గుత్తి మీద చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది ఎమర్జెన్సీ కోసం."

"గడియారం ఆగితే ఎమర్జెన్సీ కాదా?"

"ఫోన్‌లో టైము కనబడుతూనే ఉందిగా!"

పిన్నిగారు మాటాడకుండా కొట్టుకెళ్లి సెల్లు తెచ్చుకున్నారు. మర్నాడు ఆయన స్నానానికెళ్లినప్పుడు డబ్బీ విప్పి చూస్తే లోపలి సెల్లు ఎప్పుడు కారిందో ఏమో, తెల్లటి పొక్కు గట్టి గోడకి అతుక్కుపోయి ఉంది. చెంచాతో పెకలించబోతే బాబాయి తువ్వాలు మీదే పరుగెత్తుకొచ్చారు.

"చెంచా పెట్టకే, పెయింటు పోతుంది!"