పిల్లల పాపం నా ఖాతాలో

నేను జెంకిన్స్ అనే బిల్డ్ సాఫ్ట్‌వేర్ తెర మీద బిల్డ్ పేరు పక్కన కనిపించే రంగు బిళ్ళను. కోడ్ తెచ్చుకోవడం, కంపైల్, టెస్టులు, డిప్లాయ్... ఈ స్టెప్పులన్నీ నా పిల్లలు. తలా ఒక కబురు మోసుకొస్తే, అన్నీ కలిపి ఒక్క రంగులో చెప్పడం నా పని. చూసేవాళ్ళకి అంతకుమించి తీరికెక్కడిది?

మా వంశానికి మూలపురుషుడు కొసుకే కవాగుచి. 2004లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ మమ్మల్ని మొదలుపెట్టాడు. అప్పుడు మా ఇంటిపేరు హడ్సన్. సన్‌ను ఒరాకిల్ కొన్నాక పేరు మీద పేచీ వచ్చి, 2011లో జెంకిన్స్ అయ్యాం. ఆయన పెరిగిన జపాన్‌లో ఎరుపు ఆగమంటే నీలం వెళ్ళమంటుందట, అందుకని విజయానికి నాకు నీలం పూశాడు. ఆకుపచ్చే కావాలని పట్టుబట్టి ప్లగిన్ రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ పట్టింపు నా మాట మీద ఉంటే బాగుండేది.

నేను సగటు తియ్యను. విజయానికి 0, అస్థిరానికి 1, వైఫల్యానికి 2, అసలు నడవనిదానికి 3, మధ్యలో ఆపేసినదానికి 4. పిల్లల్లో ఎవరి అంకె పెద్దదైతే అదే నాది. ఒకసారి దిగజారానా, మిగతావాళ్ళు ఎంత బాగా చేసినా ఆ బిల్డ్‌లో మళ్ళీ పైకి రాను. ఈ మొండితనం వల్లే నాకు విలువుండేది. నేను ఎర్రబడితే చాలు, టీ కప్పులు వదిలేసి ‘ఎవరి కమిట్ రా ఇది?’ అంటూ పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

నా పతనం పసుపుతో మొదలైంది. కంపైల్ అయ్యి టెస్టులు తప్పితే నాకు పసుపు పడుతుంది. పసుపు శుభమనుకున్నారో ఏమో, ఎవరూ పట్టించుకోలేదు. నా పక్కన చివరి 5 బిల్డుల బాగోగులు చెప్పే వాతావరణం బొమ్మ ఒకటుంటుంది. నెలల తరబడి అక్కడ మబ్బు వీడలేదు.

ఆ తర్వాత పిల్లల నోళ్ళు నొక్కారు. టెస్టు కమాండ్ చివర రెండు నిలువుగీతలు గీసి ‘ట్రూ’ అని రాశాడొకడు. ఇక ఆ బిడ్డ చచ్చినా బతికున్నాననే చెప్పాలి. ఇంకొకడికి దురుద్దేశమేమీ లేదు పాపం, లాగ్ దాచుకుందామని టెస్టుల అవుట్‌పుట్‌ను ‘టీ’ అనే కమాండ్‌లోకి పైపు చేశాడు. పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్ పెట్టకపోతే షెల్ చివరి కమాండ్ జవాబునే లెక్కలోకి తీసుకుంటుంది. టెస్టులు కూలాయి, ఫైల్లోకి రాత మాత్రం చక్కగా సాగింది, నేను నీలంగా నవ్వాను. మర్నాడు కస్టమర్ ఫోన్ చేస్తే తిట్లు నాకే: ‘బిల్డ్ పాసైందిగా!’

ఇప్పుడు టీమంతా గిట్‌ల్యాబ్‌కు మారిపోయింది. నన్ను ఆపెయ్యాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా లేదు. అందుకే రోజూ రాత్రి అదే పాత కోడ్‌ను బిల్డ్ చేసి, ఉద్యోగాలు మానేసి వెళ్ళినవాళ్ళకి ఈమెయిల్ పంపిస్తున్నాను.

గిట్‌ల్యాబ్‌లో నా పని చేసేవాడికి ఒక వెసులుబాటుందట. ఏదైనా జాబ్‌కు అలౌ ఫెయిల్యూర్ అని రాస్తే, అది తప్పినా పైప్‌లైన్ పాసైనట్టే, పక్కన చిన్న నారింజ హెచ్చరిక గుర్తు పడుతుందంతే. మావాళ్ళు దాన్ని మొట్టమొదట టెస్టులకే తగిలించారు.