అత్యవసరం మీరే, జీతం కాదు

నూనె ధర పెరిగితే రొద్దంలో బోండాల రేటు మర్నాడే పెరుగుతుంది. ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు. అంగన్‌వాడీ ఆయమ్మ జీతానికి మాత్రం రోడ్డెక్కాలి. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్ అంతటా సమ్మెకు దిగి రోడ్డెక్కారు.

అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయమ్మకు 7,000. దాన్ని జీతం అనకూడదట, ‘గౌరవ వేతనం’ అనాలట. ఎంత గౌరవమంటే, 26 పనిదినాలకు పంచితే ఆయమ్మకు రోజుకు 269 రూపాయలు. ఆ ఏడాది ఉపాధి హామీ కూలి 272. ఆ మూడు రూపాయలూ గౌరవం కింద కోసుకున్నారేమో! పొద్దున్నే కసువు కొట్టి, గుడ్లు ఉడకేసి, ఏడ్చే బిడ్డను చంకనేసుకుని తిప్పేది మాత్రం ఆమే.

2024 జనవరి 6న సర్కారు ఎస్మా చట్టం బయటికి తీసింది. మీది అత్యవసర సేవ, సమ్మె కుదరదంది. జీతమడిగితే సర్కారు ఉద్యోగులు కారు, ఇంట్లో కూర్చుంటే అత్యవసరం!

42 రోజులకు సమ్మె ముగిసింది. పెంపు జూలైలో అన్నారు. జూన్‌లోనే అన్నవాళ్లు గద్దె దిగిపోయారు.