ఎవ్వరూ వినని హిట్లు

“పీబీ శ్రీనివాస్ అని ఒక సింగర్ ఉండె. ఎర్కనా అన్నా నీకు?”

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద, పొద్దున ఆరున్నరకు, నా మోచెయ్యి పట్టి ఆపి మరీ అడిగాడు మా మిత్రుడు. ఆ అడిగిన తీరు చూస్తే, రాత్రి వాళ్ల పెరట్లో బోరు వేస్తుంటే నీళ్లకు బదులు పీబీ శ్రీనివాస్ పడ్డట్టుంది. ఎరుకే అన్నాను. ఆ జవాబు ఆయనకు రుచించలేదు. తాను కనిపెట్టిన వస్తువు పక్కింట్లో అరవై ఏళ్లుగా వాడకంలో ఉందంటే ఎవరికి రుచిస్తుంది?

“నీకు ఎర్కుంటది. జనానికి ఎర్కలేదు. మస్తు అండర్‌రేటెడ్ అన్నా గాయన!”

పడింది ఆ మాట. ఈ మధ్య ఈ మాట లేనిదే మా ఊళ్లో చాయ్ గొంతు దిగడం లేదు. సర్వపిండి అండర్‌రేటెడ్. రంగనాయకసాగర్ మీద పొద్దుగూకడం అండర్‌రేటెడ్. చివరికి అండర్‌వేర్ కంపెనీలను గురించి కూడా ఎవరో అంటుంటే విన్నాను.

ఇంతకూ ఈ తవ్వకం ఎక్కడ జరిగిందంటే, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో. కారులో పెట్టుకోవడానికి మిత్రుడు ఒక పెన్‌డ్రైవు కొన్నాడు. అందులో పాతపాటలు ఐదు వందలు. వాటిలో ఒక ఫోల్డరు పేరు ‘పీబీ శ్రీనివాస్ హిట్స్’. నలభై రెండు పాటలు. మూడు రోజులు కారులో విన్నాడు. నాలుగో రోజు నుంచి ఊరిమీద పడ్డాడు.

నాకొక్కటే అర్థం కాలేదు. హిట్టు అంటే నలుగురూ విన్నది. నలుగురూ వింటేనే అది రికార్డు అయింది, రికార్డులోంచి క్యాసెట్టు అయింది, క్యాసెట్టులోంచి సీడీ అయింది, సీడీలోంచి దొంగతనంగా పెన్‌డ్రైవులోకి దూరింది. ఇన్ని చేతులు మారిన దాన్ని చూపించి ‘ఎవ్వరూ పట్టించుకోలేదు’ అంటే ఎట్లా? ఎవ్వరూ పట్టించుకోని పాట ఉంటే అది ఆ ఫోల్డరులో ఉండదు. అది ఎక్కడో గోదాములో లక్క రికార్డు మీద బూజు పట్టి ఉంటుంది. ‘ఎవ్వరికీ తెలియని హిట్స్’ అనడం, ‘కిటకిటలాడుతున్న ఖాళీ బస్సు’ అన్నట్టుంది.

మిత్రుడి దగ్గర దీనికి జవాబుంది. “హిట్టే గాని, రావాల్సినంత రాలే.” ఎంత రావాలో కొలిచే మానిక ఎవరి దగ్గరుందో మాత్రం చెప్పడు.

నిజానికి ఆ గాయకుడి పేరు విప్పితేనే సగం వ్యాసం అయిపోతుంది. పీబీ అంటే ప్రతివాది భయంకర. వాదానికి వచ్చిన అవతలివాడు గడగడ వణకాలన్నమాట. శ్రీవైష్ణవుల్లో పెద్ద పేరు అది. పొద్దున్నే గుళ్లో వినే వేంకటేశ్వర సుప్రభాతం రాసిందీ ప్రతివాది భయంకరం అణ్ణన్ గారే. అట్లాంటి ఇంటిపేరు పెట్టుకొని పుట్టిన మనిషి, తెలుగు సినిమాలో అందరికంటే మెత్తగా పాడిపోయాడు. ఆ ఇంటిపేరుకు న్యాయం చేస్తున్నది ఇప్పుడు మా మిత్రుడే. పాట విని తలూపి ఊరుకుందామంటే వీల్లేదు, వాదానికి రావాలి. చెరువు కట్ట మీద ఆయన ఎదురొస్తుంటే పాతపాటలు ఇష్టమున్నవాళ్లు కూడా మెట్లు దిగి పోతున్నారు.

2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలొచ్చిందని అందరం సంబరపడ్డాం. ఆ బండిలో సికింద్రాబాదు దాకా ఆయన ఎదురు సీట్లో కూర్చొని పోయినవాణ్ని నేను. ఇయర్‌ఫోన్లు పెట్టుకోడు. పెట్టుకుంటే జనానికి ఎట్లా తెలుస్తుంది? డబ్బా అంతా ఫోను మోగుతూనే ఉంది. గజ్వేల్ దాటేసరికి, అప్పటిదాకా ఏ పాపమూ ఎరుగని ఒక చంటిపిల్ల కూడా పీబీ శ్రీనివాస్ అన్యాయానికి గురైనట్టు ఏడుపు అందుకుంది.

సరే, పట్టించుకోలేదన్న ఆ మనిషి కథేమిటో చూద్దాం. 1930లో కాకినాడలో పుట్టారు. వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి గారి చలవతో మద్రాసు జెమినీ స్టూడియో గడప తొక్కారు. 1952లో వచ్చిన హిందీ ‘మిస్టర్ సంపత్’లో గొంతు కలిపారు. ఆ తర్వాత కన్నడంలో రాజ్‌కుమార్‌కు పాటంటే ఈయనే. 1974లో ‘సంపత్తిగె సవాల్’ నుంచి రాజ్‌కుమార్ తన పాటలు తనే పాడుకోవడం మొదలుపెట్టేదాకా, దాదాపు ఇరవై ఏళ్లు కన్నడిగులు ఆ ముఖాన్ని ఈ గొంతుతోనే విన్నారు. తమిళంలో జెమినీ గణేశన్‌కు పాట కావాలంటే ముందు ఈయన పేరే తలిచేవారు. 1969లో మనిషి చంద్రుడి మీద కాలుపెడితే ఆ సంతోషం పట్టలేక ఇంగ్లిషులో పాట రాసి, ఎస్.జానకితో కలిసి పాడి రికార్డు చేయించారు. చంద్రమండలం దాకా వెళ్లిన గొంతు సిద్దిపేట పెన్‌డ్రైవు కోసం కాచుకొని కూర్చుందని మా మిత్రుడి నమ్మకం.

మిత్రుడి అబ్బాయి బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు. మొన్న అక్కడికి పోయినప్పుడు ఇంటి ఓనరుకు కూడా చెప్పాడట, పీబీ శ్రీనివాస్ అండర్‌రేటెడ్ అని. ఆ కన్నడాయన కొంచెంసేపు చూసి, మీ నాన్నకు ఒంట్లో బాగుందా అని అబ్బాయిని పక్కకు పిలిచి అడిగాడట.

‘కన్నడం సంగతి పక్కన పెట్టు, తెలుగోళ్లు తొక్కేసిండ్రు’ అన్నది ఆయన రెండో వాదం. ఎవరు తొక్కేసిండ్రు అంటే గొంతు తగ్గించి, చుట్టూ చూసి, “ఇంకెవరు, ఘంటసాల” అంటాడు. ఇది కొత్త సంగతేం కాదు. ఒకరికి దండ వెయ్యాలంటే ఇంకొకరి మెళ్లోంచి తియ్యాల్సిందే అనుకునే జాతి ఒకటుంది. దండకు పూలు కొనే ఖర్చు కలిసొస్తుంది.

కుట్ర అంటే తేలిక. ఆలోచించక్కర్లేదు. అసలు కారణం మన చెవిలోనే ఉంది. ఆ చెవి పద్యనాటకాల పందిట్లో పెరిగింది. కృష్ణుడు రాయబారంలో తీసిన రాగం, ఆఖరు వరుసలో చాప మీద కూర్చున్న ముసలాయనను కూడా తట్టి లేపాలి. మా కొమురవెల్లి దిక్కు ఒగ్గుకథ వినండి. పక్కన డోలు దడదడలాడుతుంటే దాని మీంచి కథ చెప్పాలంటే ఎంత గొంతు కావాలి! అట్లాంటి చెవికి సినిమా వచ్చింది. వచ్చీ రాగానే పురాణాలు తీశాం. రాముడు, కృష్ణుడు, రావణాసురుడు, భీముడు అందరూ పద్యాలు పాడతారు. గద పట్టుకున్నవాడి గొంతులోంచి పద్యం ఎట్లా రావాలో ఆ కిటుకు ఘంటసాల దగ్గరుంది. పీబీ గొంతుకు గద బరువు. ఆయనది చెవి దగ్గరికొచ్చి చెప్పే గొంతు.

ఆ విద్య వేరు. 1920ల నడుమ రికార్డింగులోకి కరెంటు మైకు వచ్చాక పుట్టింది. అంతకుముందు బాకాలోకి అరవాల్సి వచ్చేది. మైకు వచ్చాక అమెరికాలో బింగ్ క్రాస్బీలాంటివాళ్లు కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడుతున్నట్టు పాడారు. హిందీలో తలత్ మహమూద్ ఆ దారినే పోయాడు. మనకు 1940ల్లోనే సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గ్రామఫోను రికార్డుల్లో అట్లా సన్నగా పాడి ఉన్నారు. ఆ వరుసలోవాళ్లే ఏ.ఎం.రాజా, పీబీ శ్రీనివాస్. వీళ్ల పాటలో ఊపిరి వినిపిస్తుంది. మాట చివర గొంతు ఎక్కడ వదిలేశారో తెలియనంత నెమ్మదిగా వదులుతారు. 1965లో ‘ప్రేమించి చూడు’లో అక్కినేనికి పీబీ పాడిన పాటలు వినండి, 1966లో ‘లేత మనసులు’లో సుశీలతో కలిసి పాడింది వినండి. ప్యాంటూ చొక్కా వేసుకొని, నవ్వుతూ, ఏ బరువూ లేకుండా అమ్మాయి పక్కన నడిచే కుర్రవాడికి అంతకంటే ఏం కావాలి? అట్లాంటి కుర్రవాళ్లు తెలుగు సినిమాలో అప్పటికి తక్కువ. వాళ్లు పెరిగే సరికి బాలసుబ్రహ్మణ్యం వచ్చాడు. ఆ బాలు మొట్టమొదట పాడిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ పాటలో, ఆ కుర్రాడితో గొంతు కలిపినవాళ్లలో పీబీ కూడా ఉన్నారు. తొక్కేసినవాళ్లు, తొక్కబడ్డవాళ్లు అంటూ గీసిన గీత ఇక్కడ కాస్త చెదిరిపోతుంది. మిత్రుడికి ఈ సంగతి చెప్తే, “గది వేరే” అన్నాడు.

అన్యాయం జరగలేదని కాదు. జరిగింది. అది జరిగిన చోటు మిత్రుడి జేబులోనే ఉంది. ఒకప్పుడు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాట వేసే ముందు సినిమా పేరు, పాడినవాళ్ల పేర్లు ముద్దుముద్దుగా చదివేది. మా ఊళ్లో మగ్గం గుంటలో కూర్చొని గొల్లభామ చీర నేసే మనిషి, నాడె ఆడిస్తూనే ఫలానా పాట పీబీది, ఫలానాది రాజాది అని చెప్పేవాడు. బడి మొహం చూడనివాడికి కూడా పాటగాడి పేరు తెలుసు, ఎందుకంటే ఒకరు చెప్పారు. ఇప్పుడు పెన్‌డ్రైవులో ‘ట్రాక్ 17’ అని ఉంటుంది. బొమ్మ హీరోది ఉంటుంది. రాసినాయన లేడు, బాణీ కట్టినాయన లేడు. పేర్లన్నీ చెరిపేసిన డబ్బాలోంచి ఒక గొంతు విని, ‘ఈయన పేరు ఎవరికీ తెలియదు’ అని లోకాన్ని తిడుతున్నాం.

గొల్లభామ అంటే గుర్తొచ్చింది. ఆ చీరది కూడా ఇదే ఖర్మ. ఏడాదికోసారి హైదరాబాదు నుంచి ఎవరో ఒకరు వచ్చి దాన్ని కొత్తగా కనిపెట్టి పోతారు. కొంగు మీద తలన చల్లకుండ పెట్టుకున్న ఆ భామను చూసి, అయ్యో మరుగున పడిపోయిందే అని ఫొటోలు తీస్తారు. నేసేవాళ్లకు తాము మరుగున పడ్డ సంగతి ఆ ఫొటోల వల్లనే తెలుస్తుంది. ధర మాత్రం అడగరు. అడిగినవాళ్లు కొనరు.

పోయిన ఆదివారం మిత్రుడు నన్ను ఇంటికి పట్టుకుపోయాడు. నలభై రెండింట్లో కిరీటంలాంటి పాట ఒకటుందట, అది వింటే నోరు మూసుకుంటానట. గేటు ముందు కారు తలుపులు నాలుగూ తెరిచి, శబ్దం పూర్తిగా పెంచి వేశాడు. కళ్లు మూసుకున్నాడు. “ఇను అన్నా. గీ ఒక్క పాట చాలు. గీన్ని తొక్కేసిండ్రంటే మనుషులేనా?” కంట్లో నీళ్లు కూడా తిరిగాయి. అబద్ధం చెప్పగూడదు, పాట గొప్పది.

అరుగు మీద వాళ్ల అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి. తల ఎత్తకుండానే అన్నది: “గా చప్పుడు జర తగ్గియ్యి బిడ్డా. రాజా పాట గిట్ల మొత్తుకుంటరా?”

“రాజా కాదే అవ్వా, పీబీ శ్రీనివాస్.”

“ఏం పీబీ? మిస్సమ్మల పాట గది. రామారావుకు రాజా పాడిండు. మీ నాయిన పొద్దుమాపు గిదే గునిసెటోడు.” ఒక కాయ విరిచి, పుచ్చు చూసి, పక్కన పడేసింది.

1955 నాటి ‘మిస్సమ్మ’. రామారావుకు పాడింది మన చిత్తూరు జిల్లా ఏ.ఎం.రాజాయే. ఫోల్డరు కట్టినవాడు ఎవడో మెత్తటి గొంతులన్నీ ఒకే సంచిలో వేసి మూతి కట్టాడు. ఎంచిచూస్తే ఆ నలభై రెండింటిలో అట్లాంటివి ఆరు తేలాయి. మిత్రుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. కారు తలుపులు ఒక్కొక్కటే వేశాడు. నేను కూడా ఎక్కువ నవ్వలేదు, ఎందుకంటే డిగ్రీ చదివేటప్పుడు రికార్డింగు సెంటరులో అరవై నిమిషాల క్యాసెట్టుకు పాటల చీటీ రాసిస్తూ ఇదే తప్పు నేనూ చేశాను. అది మాత్రం ఆయనకు చెప్పలేదు.

పీబీ శ్రీనివాస్ మద్రాసు ఉడ్‌లాండ్స్ డ్రైవిన్ హోటల్లో, చొక్కా జేబు నిండా రంగురంగుల పెన్నులతో, ఏదో ఒక కవిత రాసుకుంటూ కనిపించేవారు. 2008లో ఆ హోటలు మూసేదాకా అదే ఆయన కొలువు. 2013 ఏప్రిల్‌లో పోయారు. తనకు రావాల్సింది రాలేదని పాడిన పాట ఏదీ ఆ నలభై రెండింట్లో, అంటే ఆ ముప్ఫై ఆరింట్లో, నాకు వినపడలేదు.

నాలుగు రోజులు మిత్రుడు కట్ట మీద కనపడలేదు. సిగ్గుపడ్డాడేమో అనుకొని నేనే కొంచెం నొచ్చుకున్నాను. ఐదో రోజు పొద్దున ఫోను మోగింది. గొంతులో అదే వెలుగు.

“అన్నా, కొత్త పెన్‌డ్రైవు తెచ్చిన. సినిమావి కావు, ఉత్త ప్రైవేటు పాటలు, పద్యాలు. నిజం చెప్తున్న, ఘంటసాలను మనోళ్లు సరిగ పట్టిచ్చుకోలే.”