సిఫార్సు మావయ్య

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో పొద్దున్నే టీ కొట్టు బల్ల మీద ఒకాయన కూర్చుని ఉంటాడు. రాజోల్లోనూ ఉంటాడు, కొత్తపేటలోనూ ఉంటాడు. మొహాలు వేరు, మనిషి ఒక్కడే. చొక్కా జేబులో రెండు ఫోన్లు, నోట్లో ఒకే మాట: ‘మనోడే’. డిగ్రీ చదివే పిల్లలందరికీ ఆయన మావయ్య.

ఒకప్పుడు ఆయన సరుకు ఆస్పత్రిలో మంచం, కల్యాణ మండపంలో డేటు. 2020-21లో డిగ్రీలో చేరినవాళ్ల నుంచీ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరని ఉన్నత విద్యామండలి చెప్పాక ఆయన దశ తిరిగింది. మొదటి ఏడాది అవగానే రెండు నెలలు సామాజిక సేవ ప్రాజెక్టు, రెండో ఏడాది అవగానే రెండు నెలలు ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాది ఏకంగా ఒక సెమిస్టరు. పిల్లలేమో వేలమంది. మన దగ్గరున్నదేమో కొబ్బరి, వరి, రొయ్య. చమురూ గ్యాసూ మన నేల కిందే ఉన్నాయి గానీ, వాటిని తీసే కంపెనీల గేటు లోపల మావయ్యకి ఎవరూ తెలీదు. ఆ సంగతి ఆయన ముందు ఎత్తకూడదు.

“అన్నయ్యగారూ, మావాడికేదైనా చూడండి,” అని ఓ తల్లి వస్తుంది.

“ఏం చదువుతున్నాడమ్మా?”

“బీకామండి.”

ఈ జవాబు ఆయన వినడు. “మీ పుట్టిల్లెక్కడ?” అన్నదానికి జవాబు వింటాడు. తర్వాత “ఎవరి తాలూకు?” అంటాడు. అసలు ప్రశ్న అడక్కుండానే జవాబు రాబట్టడంలో ఆయన నేర్పరి. చుట్టరికం అందిందా, ఫోను స్పీకర్లో పెడతాడు. “ఏవండీ, మనోడే. రెండు నెల్లు కూర్చోబెట్టుకోండి.” “ఆయ్, పంపించీండి,” అంటారు అవతలివాళ్లు. అందకపోతే మాత్రం పాపం, ఆ పూట సిగ్నలుండదు. కోనసీమలో సిగ్నలు ఎవరెవరికి ఉండదో లెక్క తీస్తే ఇంటర్న్‌షిప్ రిపోర్టు కంటే పెద్ద పుస్తకం అవుతుంది.

ఆయన పలుకుబడికి కోర్సుతో పనిలేదు. తెలిసినవాడు ఎక్కడుంటే కుర్రాడు అక్కడికే. బీకాం వాణ్ణి రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబుకి పంపాడు. వాడు రెండు నెలలూ ఉప్పు శాతం చూశాడు, పీహెచ్ చూశాడు. “దానికీ బీకాంకీ ఏంటండీ సంబంధం?” అంటే, “రొయ్యని దేంతో అమ్ముతార్రా? కౌంటుతో. కౌంటంటే కామర్స్ కాదూ?” అన్నాడు. ఫిజిక్స్ కుర్రాణ్ణి అంబాజీపేటలో కొబ్బరి గోదాముకి తోలాడు. కురిడీ కొబ్బరిని చెవి దగ్గర ఆడించి చూడ్డం, గండేరా రకం ఏదో గటగటా రకం ఏదో విడదీయడం వాడి పని. “ధ్వనిశాస్త్రం,” అన్నాడు మావయ్య, కప్పు కింద పెట్టకుండానే. జువాలజీ అమ్మాయి ఆడిటరు ఆఫీసులో తేలింది. ఆమె జీఎస్టీ రిటర్నులు ఎంత బాగా నేర్చుకుందంటే, రెండు నెలలయ్యాక ఆడిటరుగారు వదలనన్నారు. ఆ ఒక్క కేసుని మావయ్య ఇప్పటికీ అన్ని పెళ్లిళ్లలోనూ చెబుతాడు.

లాగ్‌బుక్కు సంగతి వేరు. ఏ రోజు ఏం నేర్చుకున్నారో ఆ రోజే రాసి సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించాలి. మావయ్య పిల్లల లాగ్‌బుక్కుల్లో రెండు నెలల సంతకాలూ ఒకే మధ్యాహ్నం, ఒకే పెన్నుతో, ఒకే ఆవలింతతో పడతాయి.

డబ్బు పుచ్చుకోడు, అది ఒప్పుకోవాలి. ఆయన ఫీజు వేరు. కుర్రాడికి నిజంగా ఉద్యోగమొస్తే, పెళ్లయితే, ఇల్లు కట్టుకుంటే, జనంలో ఎవరో ఒకరు “అసలు వీణ్ణి మొదట వేసింది మావయ్యేనండి,” అనాలి. అనకపోతే తనే అంటాడు.

2024లో కేంద్రం ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పెట్టి, 500 పెద్ద కంపెనీల్లో ఏడాది పాటు, నెలకి అయిదు వేలు అన్నప్పుడు మావయ్య పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ చేరిన కుర్రాళ్ల పేర్లు రాసేసుకున్నాడు కూడా. తీరా చూస్తే 21 నుంచి 24 ఏళ్ల వాళ్లకట, రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతున్నవాళ్లు పనికిరారట. “చదువుకునేవాడికి లేని ఇంటర్న్‌షిప్ ఎవడిక్కావాల్రా!” అని పేపరు విసనకర్ర చేసుకున్నాడు.

అయితే ఆయనకి అసలు దెబ్బ తగిలింది ఇంట్లోనే. కొడుకు ఆన్‌లైన్లో ఇంటర్న్‌షిప్ చూసుకున్నాడు. తండ్రితో చెప్పనైనా చెప్పకుండా, డాబా మీద లాప్‌టాప్ పెట్టుకుని చేరిపోయాడు. మావయ్య మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆ స్క్రీన్ వైపు చూశాడు. గేటు లేదు, వాచ్‌మన్ లేడు, కూర్చోబెట్టుకునే మేనేజరు లేడు.

“ఆఫీసెక్కడ్రా?”

“ఆఫీసు లేదు నాన్నా.”

“మరి నిన్నెవరు తీసుకున్నారు?”

“పరీక్ష పెట్టారు, రాశాను. ఓటీపీ వచ్చింది, కొట్టాను.”

మావయ్య మొహంలో వెలుగొచ్చింది. ఫోను తీశాడు.

“ఆ ఓటీపీ పంపినాయన పేరేంటో చెప్పు. మనోడే అయ్యుంటాడు.”