ముందు మిషన్, తర్వాత పరీక్ష

విండోస్ 11ను ఒక్కసారైనా తన చేత్తో ఎక్కించని కుర్రాడు ఇవాళ కంప్యూటర్ సపోర్ట్ పరీక్ష పాసైపోతున్నాడు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తున్నాడు. నాకిది మింగుడు పడటం లేదు. ముంబై దగ్గరి భివండీలో, పద్మానగర్‌లో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య హార్డ్‌వేర్ పాఠాలు చెప్తూ నా వయసంతా గడిచింది. విండోస్ 98 మొదలుకొని ప్రతి కొత్తదాన్నీ పిల్లల ముందు పెట్టినవాణ్ని. చేతికి మసి అంటకుండా ఈ పని నేర్పొచ్చని మా రోజుల్లో ఎవరన్నా అంటే నమ్మేవాళ్లం కాదు.

మా పిల్లలెవరో ముందు చెప్పాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందట మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీల మనవలు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, బజార్లో హిందీ. తండ్రి రాత్రి పాళీ, తల్లి ఇంట్లో కండెలు చుట్టడం. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో ముంబై మిల్లుల సమ్మె మొదలై, ఆ మిల్లులు కోలుకోలేకపోయాక బట్ట పని ఎంతో భివండీ మీదకు మళ్లింది. పాత మగ్గాలను కొనుక్కొచ్చి, విప్పి, అరిగిన ముక్క మార్చి, మళ్లీ ఆడించిన ఊరు ఇది. మిషన్ ఆగిపోతే సేఠ్ కంటే ముందు మగ్గం నడిపేవాడే వంగి చూస్తాడు. ఆ ఇళ్ల పిల్లలకు కంప్యూటర్ విప్పడానికి భయం ఎందుకుంటుంది? లామింగ్టన్ రోడ్డు నుంచి సెకండ్‌హ్యాండ్ బోర్డులు, ర్యాములు సంచిలో వేసుకుని లోకల్లో తెచ్చి క్లాసు నడిపేవాళ్లం.

2001 అక్టోబరు 25న ఎక్స్‌పీ వచ్చింది. దాని పాఠం పుస్తకంతో మొదలయ్యేది కాదు. ముందు హార్డ్ డిస్క్ విప్పించేవాణ్ని. జంపర్ ఎక్కడుంటే మాస్టర్, ఎక్కడుంటే స్లేవ్ అని వేలితో తడిమి చూడమనేవాణ్ని. సీడీ పెట్టి బూట్ చేస్తే నీలం తెర. పార్టిషన్, ఫార్మాట్, ఫైళ్ల కాపీ అయ్యాక ‘ఇంకా 39 నిమిషాలు’ అని తెర మీద పడేది. నా అసలు పాఠం ఆ 39 నిమిషాల్లోనే. మిషన్ ఇప్పుడేం చేస్తోంది, ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలు పనేమిటి, బూట్ డాట్ ఐఎన్ఐలో ఏం రాసి ఉంటుంది, డ్రైవర్ దొరక్కపోతే తెర మసకగా ఎందుకుంటుంది, అన్నీ అప్పుడే.

మధ్యలో కరెంటు పోయేది. 2007 జనవరిలో పంపిణీ టోరెంట్ పవర్ చేతికి రాకముందు భివండీలో కోతలెట్లా ఉండేవో ఆ కాలం వాళ్లకు తెలుసు. వీధి వీధంతా సాంచెలు ఒక్కసారి ఆగిపోయేవి. అది కూడా పాఠమే అయ్యేది. నీలం తెర మీద ఫైళ్లు కాపీ అవుతుండగా పోతే మొదటికి వస్తుంది. ఆ తర్వాతి దశలో పోతే చాలాసార్లు ఆగిన చోటికి దగ్గర్లోనే మళ్లీ అందుకుంటుంది. ఎందుకట్లా? పిల్లలు తమలో తాము వాదించుకుని తేల్చుకునేవాళ్లు. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న అది.

ఎక్కించాక నేనే చెడగొట్టేవాణ్ని. ఆ ఎన్‌టీఎల్‌డీఆర్ ఫైలును తీసేసి మిషన్ను వాళ్లకు అప్పగించేవాణ్ని. రికవరీ కన్సోల్‌లోకి వెళ్లి, సీడీలోని ఐ386 ఫోల్డర్ నుంచి ఆ ఫైలును తెచ్చి పెట్టి మళ్లీ లేపాలి. లేపితేనే ఇంటికి. ఇంకొకటి కూడా చెప్పాలి. ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు కనపడాలంటే రీజినల్ సెట్టింగుల్లోకి పోయి సంక్లిష్ట లిపుల పెట్టె టిక్ చేసి, మళ్లీ సీడీ పెట్టాల్సి వచ్చేది. గౌతమి ఫాంటులో తన ఇంటిపేరు తెర మీద చూసుకున్న పిల్లవాడి ముఖం చూడాల్సిందే. ఇప్పుడు అడగకుండానే వస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

విస్టా సంగతి ఎక్కువ చెప్పను. మా మిషన్లు దాన్ని మోయలేకపోయాయి. 2009 అక్టోబరు 22న 7 వచ్చాక మళ్లీ క్లాసు కళకళలాడింది. ఎక్స్‌పీ మీద నుంచి 7కు నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఎక్కించాల్సిందే. అయితే డిస్క్ ఫార్మాట్ చేయకపోతే పాతవన్నీ విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో భద్రంగా ఉంటాయి. సేఠ్ లెక్కలు పోయాయని ఏడుస్తున్న గుమాస్తాకు ఆ ఫోల్డర్‌లోంచి తీసిచ్చిన మా పిల్లలకు ఆ విషయం చచ్చేదాకా గుర్తుంటుంది.

పరీక్ష మాటకొస్తే, సిలబస్ ఎప్పుడూ కొత్త విండోస్ వెనకే నడుస్తుంది. కంప్యూటర్ సపోర్ట్ సర్టిఫికెట్ కాంప్‌టియా ఏ ప్లస్‌లో 2012లో వచ్చిన 801, 802 పరీక్షలనే చూడండి. వాటిలో ఎక్స్‌పీ, విస్టా, 7 ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరు 26న స్టార్ట్ బటనే లేని విండోస్ 8 దుకాణాల్లోకి వచ్చేసింది. సర్టిఫికెట్ చేతికొచ్చిన వారానికే పుస్తకంలో లేని మిషన్ ఎదురుపడుతుంది. అప్పుడు పనికొచ్చేది లోపల ఏముందో తెలిసిన చెయ్యి ఒక్కటే. అందుకే ముందు మిషన్, తర్వాత పరీక్ష అని నేను మొత్తుకునేది.

ఇప్పుడు తిరగబడింది. 2025 మార్చిలో ఏ ప్లస్‌కు 1201, 1202 పరీక్షలు వచ్చాయి. రెండింటికీ వేర్వేరు ఫీజులు, ఒక్కోదానికి 90 నిమిషాల్లో గరిష్ఠంగా 90 ప్రశ్నలు. చేసి చూపించాల్సినవి కొన్నే. ఫీజు భారం చూసి, ఫెయిలైతే మళ్లీ కట్టాలని భయపడి, పిల్లలు డంప్స్ పట్టుకుంటున్నారు. ప్రశ్నలూ జవాబులూ ఫోన్లో పీడీఎఫ్‌గా తిరుగుతున్నాయి. అట్లా చదవడం పరీక్ష పెట్టేవాళ్ల నియమాలకే విరుద్ధం. అయినా కోచింగ్ చెప్పేవాళ్లే పంచుతున్నారు. ఇది పిల్లలకు చేసే ద్రోహం.

విండోస్ 11కు ఏం కావాలి అని అడగండి, గుక్క తిప్పుకోకుండా చెప్తారు: 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0. సరే, ఆ టీపీఎం ఆన్ చెయ్యి అన్నాను ఈ మధ్య ఒకడితో. బయాస్‌లోకి పోయి చాలాసేపు వెతికి, “సార్, టీపీఎం అని యాడ లేదు. పీటీటీ అని ఏదో ఉంది” అన్నాడు. “అదే రా బిడ్డా అది” అన్నాను. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. ఒక్కసారి చేసి ఉంటే తెలిసేది. తెలివికి లోటున్న పిల్లవాడు కాదు, చేసే చోటు దొరకలేదు.

ఎందుకు దొరకలేదో కూడా చెప్తాను. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటినే విండోస్ 11 ఒప్పుకుంటుంది. మా వైపు ల్యాబుల నిండా మూడో తరం, నాలుగో తరం ఐ3లు. శుభ్రంగా నడుస్తున్న మిషన్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్ల గడువు ఇచ్చారు, అంతే. దాంతో ల్యాబువాళ్లు ప్రొజెక్టర్ మీద వీడియో వేసి విండోస్ 11 అయిందనిపిస్తున్నారు. లేకపోతే రూఫస్ అనే టూల్‌తో విండోస్ 11 తనిఖీని దాటించి పాత మిషన్ మీద ఎక్కించి, అదే పాఠం అంటున్నారు. దాటించడం తెలియాల్సిందే, కానీ ఆ మిషన్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కూడా చెప్పాలి కదా. సేఠ్ ఆఫీసులో అదే పని చేసి వస్తే రేపు బాధ్యత ఎవరిది?

బయట పని మాత్రం పెరిగింది. మాంకోలీ, పూర్ణా, రాహ్నాల్ వైపు పొలాలుండే చోట ఇప్పుడు గోదాములు. ప్రతి గోదాములో బార్‌కోడ్ ప్రింటర్లు, స్కానర్లు, బిల్లింగ్ మిషన్లు. ఏదో మార్పు జరిగి లాప్‌టాప్ పొద్దున తెరవగానే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడుగుతుంది. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలావాటిలో డిస్క్ తనంతట తానే తాళం వేసుకుంటుంది, ఆ కీ ఆ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరిదని ముందు అడగాలి. ఇది తెలియక ఫార్మాట్ కొట్టేస్తే ఒక వ్యాపారి లెక్కలన్నీ పోయినట్టే. మా రోజుల్లో డిస్క్ తీసి ఇంకో మిషన్‌కు తగిలిస్తే డేటా వచ్చేది, ఇప్పుడు రాదు. కాబట్టి ఇప్పుడు చేతి పని తగ్గిందనేవాళ్ల మాట తప్పు, తూకం ఇంకా పెరిగింది.

2024 జూలై 19 మరిచిపోయారా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర వేసి కూర్చున్నాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చాలా మిషన్లకు చేయాల్సింది ఒకటే: ఒక్కోదాని దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి పోయి, ఆ అప్‌డేట్‌తో వచ్చిన చెడ్డ ఫైలు తీసేయడం. బిట్‌లాకర్ ఉంటే దాని కీ కూడా కొట్టాలి. మేం ఎక్స్‌పీ మీద పిల్లలతో చేయించిన పనికి ఇది సొంత తమ్ముడు.

ఇక భివండీలో ఏ మిషన్ విప్పినా ముందు కనపడేది దూది. ఫ్యాన్లో, ఎస్ఎంపీఎస్‌లో, హీట్‌సింక్ సందుల్లో. వేడెక్కి ఆగిపోయే మిషన్‌కు మళ్లీ విండోస్ ఎక్కించి డబ్బు తీసుకునే సర్టిఫికెట్ కుర్రాళ్లను చూశాను. బ్లోయర్ పట్టి ఊదితే అయ్యేదానికి. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇన్‌స్టిట్యూట్లు నడిపే తమ్ముళ్లారా, ల్యాబంతా మార్చమని అనను. ఎనిమిదో తరం పైన ఉన్న మిషన్లు రెండో మూడో కొనండి, పిల్లలు చెడగొట్టి బాగుచేయడానికే కేటాయించండి. గోదాములవాళ్లు, సేఠ్‌లు ఆఫీసులో మార్చేసిన లాప్‌టాపులను భంగార్‌వాడికి వేయకుండా పద్మానగర్, కామత్‌ఘర్ క్లాసులకు ఇవ్వండి. సాంచెల మీద సంపాదించిన డబ్బు తెచ్చి ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఒక మాట. రసీదు తీసుకునే ముందు అడగండి: మా పిల్లవాడి చేతికి ఏ మిషన్ ఇస్తారు, ఎన్నిసార్లు విండోస్ వాడితోనే ఎక్కిస్తారు? జవాబు రాకపోతే ఆ ఫీజు కట్టకండి.