పుంగనూరు ఆవులాంటి యాంటీవైరస్

పది గంటలకు స్విచ్ వేస్తే పదిన్నరకు కళ్లు తెరిచే కంప్యూటర్లు పదకొండు ఈ వ్యాసకర్త పోషణలో ఉన్నాయి. మదనపల్లెలో నాలుగు, పుంగనూరులో మూడు, కుప్పంలో నాలుగు. అన్నీ చిన్న ఆఫీసులవే. మిషన్లు వేరైనా యజమానుల కోరిక ఒకటే: బరువు లేని యాంటీవైరస్ ఏదైనా వేసిపెట్టమని. ఉన్నది రెండు జీబీ ర్యామ్, గరగరలాడే పాత హార్డ్ డిస్కు. దాని మీద యాంటీవైరస్ వేయడమంటే ముసలెద్దు మీద బస్తా వేసి, బస్తాకు కాపలాగా మనిషిని కూడా ఎక్కించడమే.

పుంగనూరు యజమాని ఇంకాస్త వివరంగా చెప్పాడు. "మా ఊరి ఆవు మాదిరి ఉండల్ల సార్. మేత తక్కువ తినల్ల, పాలు చిక్కంగా ఇయ్యల్ల."

ఆవు విషయంలో ఆయన మాట కాదనలేం. మూడడుగుల లోపు ఎత్తు, పిడికెడు మేత, వెన్న దండిగా ఉన్న పాలు. యాంటీవైరస్‌లో ఆ జాతి దొరకడమే కష్టం. ఫైలు తెరిచినప్పుడల్లా ముందు అది ముక్కు పెట్టి వాసన చూడాలి. పాత డిస్కులో చదివే ముల్లు ఒక్కటే కాబట్టి, అది ఇటు గుమస్తాకు లెడ్జరు చూపించాలి, అటు కాపలావాడికి జవాబు చెప్పాలి. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ అనే పరీక్షశాల ఏది ఎంత బరువో ఫైళ్లు కాపీ చేసి, జిప్పులు విప్పి కొలిచి చెబుతుంది. తీరా చూస్తే ఈమధ్య పరీక్షల్లో వాళ్లు ‘తక్కువ రకం’ అనే మిషనులో కూడా ముల్లుతో పనిలేని ఎస్‌ఎస్‌డీ ఉంటోంది. మన మిషన్లకు వాళ్ల పట్టికలో చోటే లేదు.

మదనపల్లెలో కథ వేరు. అక్కడ ఒక కంప్యూటరు నత్తతో పందెం వేస్తోందని కబురొస్తే ఈ వ్యాసకర్త వెళ్లి చూశాడు. లోపల మూడు యాంటీవైరస్‌లు. గడువు తీరిన ట్రయల్ ఒకటి, డబ్బు పెట్టి కొన్నది ఒకటి, మేనల్లుడు ఉచితంగా ఎక్కించింది ఇంకొకటి. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవు. ఇక్కడ మూడు కాపలావాళ్లు రాత్రీపగలూ ఒకరినొకరు దొంగలనుకుని జేబులు వెతుక్కుంటున్నారు. యాంటీవైరస్ అంటే కంప్యూటరుకు టీకాయే. ఆ టీకాల వ్యవహారం మదనపల్లెకు కొత్తా అంటే, కాదే! 1948లో దేశంలో క్షయకు బీసీజీ టీకాలు మొదట వేసిన చోట్లలో ఇదొకటి. క్షయరోగుల ఆసుపత్రిగా పేరుపడిన ఆరోగ్యవరం ఇక్కడిదే. ఆ రోజుల్లో కూడా ఒకే భుజానికి మూడు కంపెనీల టీకాలు పొడిపించుకున్నవాళ్లు ఉండరు.

కుప్పం కంప్యూటర్లకు పాత కాపు. 2002లో హెచ్‌పీ కంపెనీ ప్రభుత్వంతో కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ పేరుతో మూడేళ్ల పథకం మొదలుపెట్టి, పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. విండోస్ ఎక్స్‌పీ పుట్టి అప్పటికి ఏడాదైనా కాలేదు. ఆ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న నీళ్లు వదిలింది. సెవెన్‌కు 2020 జనవరి 14న, టెన్‌కు 2025 అక్టోబరు 14న. ఈ తేదీలు వ్యాసకర్తకు ఇంట్లో తద్దినాల కన్నా బాగా గుర్తు. పోనీ విండోస్ పదకొండుకు మారుదామంటే, అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉందా అని కులగోత్రాలు అడుగుతుంది. టెన్‌లో ఉచితంగా వచ్చే డిఫెండరు అనే యాంటీవైరస్‌కు మాత్రం 2028 అక్టోబరు దాకా తిండి పెడతామని కంపెనీ మాటిచ్చింది. అంటే కుక్కకు కూడు పెడతారు, కూలిన గోడ మాత్రం విడిగా అడిగితే తప్ప కట్టరు.

గోడ సంగతి మనవాళ్లకు 2017 మేలో తెలిసొచ్చింది. వాన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతా తిరుగుతూ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లలోనూ దూరింది. దెబ్బతిన్నవాటిలో చిత్తూరు జిల్లావీ ఉన్నాయి; ఈ మూడు ఊళ్లూ అప్పుడు ఆ జిల్లాలోవే. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. ఆ కన్నం పూడ్చే ప్యాచ్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు వేసుకోలేదు. ఆ బెదిరింపు లేఖ 28 భాషల్లో ఉంది, తెలుగులో లేదు. దొంగలకు కూడా మన భాషంటే చిన్నచూపే.

చివరికి ఈ వ్యాసకర్త చేసిందేమిటంటే, మదనపల్లెలో మూడింటినీ పీకేసి డిఫెండరును లేపాడు. అది అందరికన్నా తేలికేమీ కాదు, పెద్ద ఫైలు కాపీ చేస్తే మూలుగుతుంది. కాకపోతే గడువు తీరింది, డబ్బు కట్టు అని గంటకోసారి తెర మీదికి దూకదు. ఫుల్ స్కాన్‌ను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, అందరూ క్యారియర్లు విప్పే వేళకు పెట్టాడు. కుప్పంలో మిగిలిన ఒక్క ఎక్స్‌పీ మిషనుకు ఇంటర్నెట్ తీగ పీకి, దాన్ని బిల్లుల ప్రింటింగుకే పరిమితం చేశాడు. యాంటీవైరస్‌కని దాచిన డబ్బుకు ఇంకొంత కలిపించి, పుంగనూరులో ముందు ఒక మిషనుకు ఎస్‌ఎస్‌డీ వేయించాడు. అరగంట పట్టేది నిమిషంలోపే తెరుచుకుంది. యజమాని దాన్ని రెండుసార్లు ఆపి, మళ్లీ వేసి చూసుకున్నాడు.

అంతలో జిరాక్స్ షాపు నుంచి కుర్రాడొకడు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. ఒక్క పేజీ ప్రింటేనన్నాడు. వ్యాసకర్త నోరు తెరిచేలోపే యజమాని దాన్ని గుచ్చేసి, తెర వైపు వింతగా చూశాడు.

"సార్, ఈ ఫోల్డర్లన్నిటికీ చిన్న చిన్న బాణాలు మొలిచినాయే, ఏంది ఇవి?"