పందిపాటి న్యాయం

నెల్లూరు తీరంలో ఇంతవరకు ఓడిపోయిన మందంటూ లేదు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఏ మండలంలో దిగినా సరే, రొయ్యల గుంటల నడుమ ఉన్న సెంటరులో ఆక్వా మందుల షాపు ముందు ఒక్క నిమిషం నిలబడి అరలు చూడండి. గట్ ప్రొబయోటిక్, ఆర్గానిక్ యాసిడ్, లివర్ టానిక్, గ్రోత్ ప్రమోటర్, ఇమ్యూనిటీ బూస్టర్. ప్రతి డబ్బాదీ ఒకటే మాట: 'ఫీల్డ్ ట్రయల్స్‌లో నిరూపితం'. పరీక్షకు వెళ్ళిన ప్రతివాడూ ఫస్టు క్లాసులో పాసయ్యే బడి ఎక్కడైనా ఉందంటే అది మన గుంటగట్టే. మందులన్నీ ఇంత ఘనంగా గెలుస్తుంటే వైట్ గట్ జబ్బు ఎందుకొస్తోంది, కిలోకు తూగే రొయ్యల కౌంట్ వంద దగ్గరే ఎందుకు ఆగిపోతోంది, ఫీడ్ డీలరు దగ్గర ఖాతా ఎందుకు తెగడం లేదు అని అడగడం మాత్రం అమంగళం.

ఈ ట్రయల్ ఎలా జరుగుతుందో చూడని వాళ్ళ కోసం చెబుతాను. కంపెనీ టెక్నీషియన్ పొద్దున్నే బైకేసుకుని గట్టెక్కుతాడు. చెక్ ట్రే లేపి, నాలుగు రొయ్యల్ని అరచేతిలో వేసుకుని, లివర్ రంగు చూసి, పేగు నిండిందో లేదో చూసి, ముఖం కాస్త దిగులుగా పెడతాడు. "ముందు ఒక్క గుంటకు ట్రయల్ వేద్దామన్నా, రిజల్ట్ చూశాకే మిగతావాటికి" అంటాడు. ఎంత నిజాయితీ! ఆ ఒక్క గుంట ఏది? సీడు బాగా నిలిచింది, ఏరేటర్లు సరిగ్గా తిరిగేది, కాపలా మనిషి రాత్రి మెలకువగా ఉండేది. దానికి తోడు చిన్న చిన్న సలహాలు. అడుగు నీళ్ళు కాస్త మార్చండి, మినరల్స్ ఒక డోసు వేయండి, రాత్రి మేత తగ్గించండి, ఇంకో ఏరేటరు పెట్టండి, మన మందు కిలో మేతకు 5 గ్రాములు బైండరుతో పట్టించండి. పది రోజుల తర్వాత వలేసి శాంపిల్ తూస్తే రొయ్య పెరిగే ఉంటుంది. నీళ్ళు మారాయి, ఆక్సిజన్ పెరిగింది, అడుగున కుళ్ళే మేత తగ్గింది; పైగా పది రోజుల్లో పెరగడమన్నది మందున్నా లేకున్నా రొయ్య చేసే పనే. ఫొటో మాత్రం డబ్బాకి. రైతు చేతిలో డబ్బా, పక్కన రొయ్య, వెనక ఫ్లెక్సీ. సాయంత్రానికల్లా అది వాట్సాప్‌లో నాలుగు మండలాలు చుట్టొస్తుంది.

పెరగకపోతే? దానికీ ఏర్పాటుంది. సీడు మంచిది కాదు. అమావాస్య మోల్టింగ్ దెబ్బ కొట్టింది. పక్క గుంటోడు జబ్బు నీళ్ళు కాలవలోకి వదిలాడు. కరెంటు పోయింది. ముసురు పట్టింది. ఇవేవీ అతకకపోతే చివరి ముద్దాయి ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాడు: "డోసు సరిగ్గా వేసుండరన్నా." పరీక్షకెళ్ళే పిల్లాడికి తాయెత్తు కట్టే స్వామికున్న సౌకర్యమే ఇదీను. పాసైతే తాయెత్తు మహిమ, తప్పితే పిల్లాడు చదవలేదు.

ఇప్పుడు పంది దగ్గరికి వద్దాం. నవ్వకండి. నెల్లూరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పందుల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన పథకానికి అదొక కేంద్రం. పంది మేతలో కొత్త దినుసేదైనా కలిపి చూడాలంటే పద్ధతి ప్రపంచమంతా ఒకటే. పాలు మరిచిన పిల్లల్ని తెస్తారు. ఒకే ఈతలో పుట్టినవాటిని, ఒకే బరువున్నవాటిని విడదీసి అన్ని గుంపుల్లోనూ సమంగా పడేట్టు పంచుతారు. ఏ గుంపుకు ఏ మేతో మనిషి ఇష్టాన్ని బట్టి కాకుండా చీటీని బట్టి తేలుస్తారు. షెడ్డు ఒకటే, నీళ్ళు ఒకటే, పని చేసే మనిషీ ఒకడే. తేడా ఆ ఒక్క దినుసులోనే. పెట్టిన మేత తూస్తారు, తొట్టిలో మిగిల్చింది కూడా తూస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏమీ కలపని ఉత్త మేత తినే గుంపు ఒకటి ఉండి తీరాలి. అది లేనిదే దాన్ని పరీక్ష అనరు. ఇదంతా మొదలుపెట్టే ముందు సంస్థలోని జంతు నైతిక కమిటీ ఒప్పుకోవాలి. పందికి ఇన్ని మర్యాదలు. మేత కూడా సర్కారుదే. నెల్లూరు రైతుకు కమిటీ లేదు, చీటీ లేదు, ఉత్త మేత గుంపు లేదు. తన మీద జరిగే ప్రయోగానికి తనే బిల్లు కడతాడు, అదీ రొయ్యల పట్టుబడి నాడు వడ్డీతో కలిపి.

పందుల వాళ్ళ దగ్గర ఇంకో పట్టింపు ఉంది. అది మన మందుల కంపెనీలకు తెలిస్తే జ్వరం వస్తుంది. ఒకే దొడ్లో ఒకే తొట్టిలో తిన్న పది పందులు పది సాక్ష్యాలు కావు. ఆ దొడ్డికి గాలి బాగా తగిలితే పదింటికీ తగులుతుంది, నీళ్ళ పైపు పాడైతే పదింటికీ పాడవుతుంది. కాబట్టి ఆ పదీ కలిపి ఒక్క సాక్ష్యమే. దొడ్లు ఎన్నో లెక్క పెడతారు గానీ పందులు ఎన్నో కాదు. దీన్ని గుంటకు వర్తింపజేసి చూడండి. 'మూడు లక్షల రొయ్యల మీద విజయవంతంగా పరీక్షించాం' అని బ్రోచరు అరుస్తుంది. అబ్బో, మూడు లక్షలు! ఆ మూడు లక్షలూ ఒకే నీళ్ళలో, ఒకే అడుగు బురద మీద, ఒకే హేచరీ సీడు, ఒకే యజమాని. శాస్త్రం లెక్కలో అది ఒకటి. ఆ ఒకటికి ఎదురుగా మందు వేయని గుంటలు ఎన్ని? సున్నా. ఒకటిని సున్నాతో పోల్చి తేల్చిన ఘనతను మనం గ్లాసీ పేపరు మీద నాలుగు రంగుల్లో అచ్చు వేసుకుంటున్నాం.

ఇక ఎఫ్‌సీఆర్ సంగతి. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పట్టిందన్నదే ఆ అంకె. రొయ్యల సాగులో సగానికి పైగా ఖర్చు మేతదే కాబట్టి రైతు గుండె కొట్టుకునేది ఆ అంకె మీదే. పట్టుబడి చేసి కాటా వేసేదాకా అసలు అంకె దేవుడికే తెలియాలి. కానీ ట్రయల్ రిపోర్టు పట్టుబడి దాకా ఆగదు, నెల టార్గెట్టు ముందుంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మూడు లక్షల సీడు వదిలారు, శాంపిల్‌లో సగటు 15 గ్రాములు తూగింది, ఇంతవరకు పెట్టిన మేత 4,300 కిలోలు. టెక్నీషియన్ వలలో పడ్డవాటిని చూసి "సర్వైవల్ 80 శాతం వేసుకుందామన్నా" అంటాడు. గుంటలో రొయ్య 3,600 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.19. మందు అద్భుతం! అదే గుంటలో, అదే రోజు, అదే రొయ్యకు సర్వైవల్ 65 వేసుకుంటే 2,925 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.47. మందుల కంపెనీ గొప్పగా చెప్పుకునే మెరుగుదల పాయింట్ వన్‌కో, పాయింట్ వన్ ఫైవ్‌కో మించదు. ఇక్కడ ఒక నోటిమాట పాయింట్ టూ ఎయిట్ మెరుగుపరిచేసింది, కిలోకు 5 గ్రాముల ఖర్చు కూడా లేకుండా. ఆ నోటిమాటనే డబ్బాలో పోసి అమ్మితే చవగ్గా వస్తుంది.

ఈ మందులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే అందులో తెలుగువాడి నీడ కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థ పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్న కాలంలోనే అక్కడ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటపడింది. 1948లో ఆయన పోయారు. ఆ సంవత్సరం చివర్లో అదే సంస్థలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు కోడిపిల్లలకు రకరకాల మేతలు పెట్టి చూస్తున్నారు. కొన్నిటికి బి12 కోసం ఖరీదైన లివర్ సారం, కొన్నిటికి ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన చవక పిప్పి. పిప్పి తిన్న పిల్లలు లివర్ సారం తిన్నవాటిని దాటి పెరిగాయి. పిప్పిలో మిగిలిన యాంటీబయాటిక్ పనే అది. గమనించండి, పక్కన పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఆ సంగతి ఎవరికీ అంతుపట్టేదే కాదు. 1950 కల్లా అది లోకానికి తెలిసింది. కోళ్ళ తర్వాత పందులు, పందుల తర్వాత అన్నీ. దరిమిలా మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుకొచ్చాయి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ హెచ్చరించింది, 2006 జనవరి 1 నుంచి యూరప్ మేతలో పెరుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడమే మానిపించింది. మన దేశం 2019లో పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది.

అప్పుడు పందుల లోకంలో ఒక ఖాళీ ఏర్పడింది. దాన్ని నింపడానికి ఆమ్లాలు, ఈస్టు గోడలు, బాసిల్లస్‌లు, మూలికల నూనెలు బారులు తీరాయి. మన రొయ్యకూ అదే గతి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికి కంటైనర్లు వెనక్కొచ్చాయి; 2016లో యూరప్ మన ఆక్వా సరుకులో సగం కన్సైన్‌మెంట్లను పరీక్షకు పెట్టింది. యాంటీబయాటిక్ చెడ్డదయ్యాక 'ప్రత్యామ్నాయం' అన్న స్టిక్కరు దేనికైనా అతికింది. పందిపిల్ల పేగు కోసం పుట్టిన పొడి ఒకటి ఓడెక్కి, దారిలో లేబులు మార్చుకుని, రొయ్య బొమ్మతో దిగుతుంది. పంది ముట్టె తొట్టిలో పెట్టి పొడిపొడిగా మింగేస్తుంది. రొయ్య మేత పలుకును కాళ్ళతో పట్టుకుని నీళ్ళలో తాపీగా కొరుకుతుంది. పైపూతగా పట్టించిన మందులో ఎంత దాని నోట్లోకి పోయింది, ఎంత గుంటకు పోయింది? పందికి ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే యాంటీబాడీలుంటాయి, రొయ్యకు ఆ ఏర్పాటే లేదు. అయినా ఇద్దరికీ ఇమ్యూనిటీ బూస్టరు ఒకటే. బూస్టు చేయడానికి ఏముందో చూడకుండానే బూస్టు చేయగలగడం నెల్లూరు తీరపు ప్రత్యేకత.

కాస్త చదువుకున్న కంపెనీ అయితే విదేశీ జర్నల్ కాగితం చూపిస్తుంది. మంచిదే. గాజు తొట్లలో, ఫిల్టరు నీళ్ళలో చేసిన పని. ఉత్త యాదృచ్ఛికంగా ఇంత తేడా రావడానికి 20లో ఒక వంతు కంటే తక్కువ అవకాశముంటే 'నిజమైన తేడా' అంటారు అందులో. అంటే బొత్తిగా పనికిరాని పొడులు 20 తెచ్చి పరీక్షిస్తే సగటున ఒకటి ఊరికే పాసవుతుందని. ఆ ఒక్కదాని కాగితమే మన గట్టు దాకా వస్తుంది. తప్పిన పందొమ్మిదీ ఎవరి సొరుగులో ఉన్నాయో!

"సర్టిఫికెట్ ఉందన్నా" అంటారు ఇంకొందరు. ఉంటుంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే కాగితం అందులో యాంటీబయాటిక్స్ లేవని చెబుతుంది. రొయ్య పెరుగుతుందని చెప్పదు. రాష్ట్రం 2020లో మేత నాణ్యత మీద చట్టం చేసింది. సంచి మీద రాసిన ప్రొటీన్ సంచిలో ఉందో లేదో చూడటానికి అది పనికొస్తుంది. నిమ్మరసంలో విషం లేదని రాసిచ్చిన కాగితాన్ని అది జ్వరం తగ్గిస్తుందన్న రుజువుగా గోడకు తగిలించుకుంటే తప్పు కాగితానిది కాదు.

మేతలో కలిపేవన్నీ బూటకమని నేననడం లేదు. పంది మేతలో ఫైటేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది. గింజల్లో బిగుసుకుపోయిన భాస్వరాన్ని పంది తనంతట విడగొట్టుకోలేదు, అది విడగొడుతుంది. ఎందుకో తెలుసు, ఎంతో తెలుసు, ఎన్నోచోట్ల ఉత్త మేత గుంపు పక్కన పెట్టి చూశారు. ఉప్పు తక్కువున్న బోరు నీళ్ళలో వెనామీ రొయ్యకు పొటాషియం, మెగ్నీషియం అందించాల్సిందే. ఇలాంటివాటికి మైకు పట్టుకుని అరవాల్సిన పని ఉండదు. గొంతు పెరిగేదంతా ఈహెచ్‌పీ లాంటి రొయ్య జబ్బుల దగ్గరే. ఆ జబ్బును నయం చేసే మందంటూ ఏదీ లేదు, అందుకే దానికి నలభై రకాల మందులుంటాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడూ ఈ తీరం ఇదే చూసింది. చివరికి ఒడ్డున పడేసింది డబ్బా కాదు. 2009లో అనుమతి వచ్చిన వెనామీ, జబ్బు లేని తల్లి రొయ్యలు, సీడుకు పీసీఆర్ పరీక్ష, కాకులు జబ్బు మోసుకురాకుండా గుంటల మీద కట్టిన తీగలు. వీటిలో దేనికీ డీలరుకు విదేశీ టూరు లేదు.

కాబట్టి ఈసారి టెక్నీషియన్ గట్టెక్కినప్పుడు ఒక బేరం పెట్టి చూడండి. ఒకే రోజు, ఒకే సీడు వదిలిన గుంటలు ఆరు. చీటీలేసి మూడింటికి మందు, మూడింటికి అదే రంగు ఉత్త పొడి. ఏ సంచిలో ఏముందో రాసిన కవరు సీలేసి ఫిషరీస్ ఆఫీసులో ఉంటుంది. కాటా వేశాకే విప్పుతారు. ఆరింట్లో మూడింటిని ఎంచడానికి 20 దారులున్నాయి, కాబట్టి మందు ఉత్తదే అయినా దాని మూడు గుంటలే పైన నిలిచే అదృష్టం 20లో ఒకటి. ఇంచుమించు తొట్ల కాగితంలో ఒప్పుకున్న పందెమే, వాళ్ళు కాదనడానికి లేదు. గెలిస్తే తేడాలో సగం కంపెనీకి. ఓడితే మందు బాకీ రద్దు.

ఆ మాట వినగానే టెక్నీషియన్ ముఖంలో దయ పొంగుతుంది. "మందు లేని మూడు గుంటలూ దెబ్బతింటాయి కదన్నా, ఆ పాపం మనకెందుకు?" మందు లేని గుంటను ఒక్కసారీ పక్కన పెట్టి చూడనివాడికి అది దెబ్బతింటుందని అంత గట్టిగా ఎలా తెలుసో మరి. సరే, ఆ మూడింటి నష్టం కంపెనీయే భరిస్తుందని రాసివ్వు తమ్ముడూ అంటే, మేనేజర్ని కనుక్కుని చెబుతానంటాడు. మేనేజరు డీలర్లను తీసుకుని బ్యాంకాక్ వెళ్ళి ఉంటాడు.